నాడి చూడటానికి ఒక నిండు నిమిషం ఇప్పించండి
(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

రాష్ట్రాలు రెండైనా మన వార్డుల తీరు ఒకటే కాబట్టి మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నేను నర్సింగ్ ట్యూటర్‌గా చేసి రిటైరయ్యాను. తరగతిలో అనాటమీ, ఫిజియాలజీ చెప్పాను. వార్డులో నర్సింగ్ పిల్లల పక్కన నిలబడి, రోగి మణికట్టు మీద వేళ్లు ఎక్కడ ఆనించాలో చూపించాను. గుండె జబ్బుల మాట వచ్చినప్పుడల్లా మన ప్రభుత్వాలు క్యాథ్ ల్యాబ్‌ల గురించి, స్టెంట్ల గురించి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ల గురించి చెబుతాయి. అవన్నీ కావాల్సినవే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ చేయించుకుని బతికి బట్టకట్టిన పేదవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. నేను అడగదలచుకున్నది వాటన్నిటికంటే ముందు జరగాల్సిన పని గురించి. నర్సు మంచం పక్కన నిలబడి, కళ్లతో, వేళ్లతో, చెవులతో ఆ మనిషి గుండెను పరీక్షించే కొద్ది నిమిషాల గురించి. మన ఆసుపత్రుల్లో చాలా చోట్ల ఆ నిమిషాలు లేకుండా పోయాయి.

ఏ మెడికల్ వార్డుకైనా చెప్పకుండా వెళ్లి కేస్ షీట్లలో జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ కాగితాలు తిరగేయండి. ఈ చివర మంచం నుంచి ఆ చివర మంచం దాకా ఊపిరి నిమిషానికి 18 లేదా 20 అని రాసి ఉంటే, అక్కడ ఎవరూ ఎవరి ఊపిరినీ లెక్కపెట్టలేదని అర్థం. బీపీలన్నీ 120/80, 130/80, 110/70 అంటూ సున్నాలతోనే ముగుస్తుంటే, 2 మిల్లీమీటర్లకో గీత ఉన్న డయల్‌ను ఎవరూ నిదానంగా చూడలేదని అర్థం. రాసిన అమ్మాయి మీద మాత్రం కోప్పడకండి. భారత నర్సింగ్ మండలి పెట్టిన లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికి ఒకరు ఉండాలి. రాత్రి డ్యూటీలో నలభై మంచాల వార్డును ఒక్క సిస్టరే చూసుకోవడం మన దగ్గర వింతేమీ కాదు. ఒక్కో రోగి గుండెను సరిగ్గా చూడటానికి ఐదు నిమిషాలు పడుతుందనుకుందాం. నలభై మందికి 200 నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాలు పరీక్షకే పోతే ఇంజెక్షన్లు ఎవరు చేయాలి, డ్రిప్పులు ఎవరు మార్చాలి, కొత్త అడ్మిషన్లు ఎవరు తీసుకోవాలి, రిజిస్టర్లు ఎవరు నింపాలి? ఆ అమ్మాయి 18 అని రాసి ముందుకు పోతుంది. పోక ఏం చేస్తుంది?

పావు నిమిషం నాడి చూసి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదా మేడమ్ అని పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ అడిగేవాళ్లు. నాడి సక్రమంగా ఉన్నవాళ్లకు అర నిమిషం చూసి రెండుతో హెచ్చవేసినా ఫర్వాలేదు. సక్రమంగా ఉందో లేదో తేలాలంటే మాత్రం నిదానం కావాలి. కుడి కర్ణిక పైభాగంలో ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణుపు ఉంది. విశ్రాంతిగా ఉన్న మనిషిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు అక్కడ విద్యుత్తు పుడుతుంది. అది రెండు కర్ణికల్లోనూ పాకి, కింద ఉన్న ఏవీ నోడ్ దగ్గర దాదాపు సెకనులో పదోవంతు సేపు ఆగుతుంది. శరీరంలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తగ్గని విషయాల్లో ఆ చిన్న ఆలస్యం ఒకటి. కర్ణికలు తమ దగ్గరున్న రక్తాన్ని జఠరికల్లోకి నెట్టేదాకా జఠరికలు ముడుచుకోకుండా ఆపేది అదే. ఎస్‌ఏ నోడ్ పనిచేయకపోతే ఏవీ నోడ్ ప్రాంతం నిమిషానికి 40 నుంచి 60 దాకా కొట్టించగలదు. అక్కడా దారి తెగిపోతే జఠరికలు తమంతట తాము 20 నుంచి 40 దాకా కొట్టుకుంటూ ప్రాణం నిలబెడతాయి. కాబట్టి మణికట్టు దగ్గర 36 అని లెక్కపెట్టిన సిస్టరు, ఈసీజీ తీయకముందే, దారి ఎక్కడో కింద తెగి ఉండవచ్చని అనుమానించగలదు. డాక్టరు గారికి ఫోన్ చేసేటప్పుడు ఆమె గొంతులో తొందర ఉండాలా వద్దా అన్నది ఆ నిమిషమే తేలుస్తుంది.

నాడి ఏ లెక్కకూ అందకుండా కొట్టుకోవడం ఇంకో సంగతి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికలు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతుంటాయి. ఏవీ నోడ్ తనకు అందిన తరంగాల్లో కొన్నిటినే కిందికి వదులుతుంది, అదీ ఒక వరసంటూ లేకుండా. కొన్ని దెబ్బలు జఠరిక నిండకముందే పడతాయి. స్టెతస్కోపు పెడితే ఆ దెబ్బ వినిపిస్తుంది, మణికట్టు దాకా మాత్రం రాదు. అందుకే ఇద్దరు సిస్టర్లు ఒకే గడియారం చూస్తూ, ఒకరు గుండె దగ్గర, ఒకరు మణికట్టు దగ్గర ఒక నిండు నిమిషం లెక్కపెట్టాలి. గుండె దగ్గర 118, మణికట్టు దగ్గర 94 వస్తే ఆ 24 తేడాను కాగితం మీద రాయాలి. వేలికి తగిలించే ఆక్సిమీటరు ఒక సగటు అంకె చూపించి ఊరుకుంటుంది. లయ తప్పిందని చెప్పదు. వణికే కర్ణికలో, ముఖ్యంగా ఎడమ కర్ణికకు చెవిలా వేలాడే చిన్న సంచిలో, రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పల్లె దవాఖానాలోనో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) పనిచేస్తున్న మా బీఎస్సీ నర్సింగ్ అమ్మాయి, బీపీ చూడటానికి వచ్చిన పెద్దాయన నాడిని నిమిషం పాటు పట్టుకుని, లయ తప్పిందని గుర్తించి పైకి పంపిస్తే, ఆయన కాలూ చెయ్యీ నిలబడే అవకాశం ఉంది. ఆ పరీక్షకు సెకన్ల ముల్లున్న గడియారం తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు.

గుండె పిడికిలంత ఉంటుందని, దాదాపు 300 గ్రాముల బరువని, నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోస్తుందని పిల్లలు బట్టీపట్టి ఒప్పచెబుతారు. బొమ్మ గీయమంటే ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు తీసుకుని ముచ్చటగా గీస్తారు. మార్కులు ఆ బొమ్మకే. ఆ బొమ్మ మంచం మీది మనిషి ఛాతీలో ఎక్కడ ఉందో చూపించమంటే చాలామంది తడుముకుంటారు. మెడ కింది పల్లం నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలు జార్చుకుంటూ వస్తే ఒక చోట చిన్న గట్టు తగులుతుంది. దానికి ఆనుకుని ఉన్నది రెండో పక్కటెముక. దాని కింది సందు రెండో సందు. రెండో సందులో కుడివైపు బృహద్ధమని కవాటం చప్పుడు బాగా వినిపిస్తుంది, ఎడమవైపు పుపుస ధమని కవాటం చప్పుడు. రొమ్ము ఎముక ఎడమ అంచున కిందికి వస్తే ట్రైకస్పిడ్. ఐదో సందులో, ఎడమ మెడ ఎముక మధ్య నుంచి గీసిన గీత దగ్గర మైట్రల్. గుండె కొన కొట్టుకునేదీ అక్కడే. ఆ కొట్టుకోవడం గీత దాటి చంక వైపు జరిగిందంటే గుండె పెరిగి ఉండవచ్చు. వేళ్లతో దొరికే ఈ సమాచారం కోసం ఎక్స్‌రే దాకా ఆగనవసరం లేదు.

అయితే ఆ ఐదో సందును చూడటానికి తెర కావాలి. ఆడవాళ్ల వార్డులో రెండు మంచాల మధ్య తెర లేకపోతే ఏం జరుగుతుందో మీకు చెప్పాలి. సిస్టరు స్టెతస్కోపును చీర మీద నుంచే ఆనిస్తుంది. బట్ట రాపిడి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. వినపడలేదని రాయలేక ‘హార్ట్ సౌండ్స్ నార్మల్’ అని రాస్తుంది.

ఆ ఒక్క తెర ఎవరికి ముఖ్యమో ఒక జబ్బును పట్టుకుని చెబుతాను. చిన్నతనంలో గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడక, కీళ్లవాతం జ్వరంగా తిరగబెట్టి, చివరికి గుండె కవాటాన్ని దెబ్బతీసే రుమాటిక్ గుండె జబ్బు ఇరుకు ఇళ్లలో పెరిగిన పేద పిల్లలకు వచ్చే జబ్బు. మైట్రల్ కవాటం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. ఈ జబ్బులో అది ఒకటిన్నరకో అంతకంటే తక్కువకో కుంచించుకుపోవచ్చు. ఆ జబ్బున్న అమ్మాయికి ఆ సంగతి తెలియదు. పొలం పని చేసుకుంటూనే ఉంటుంది, కాస్త ఆయాసం వస్తే కూర్చుంటుంది. పెళ్లవుతుంది, గర్భం వస్తుంది. గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. నాడి నిమిషానికి 72 ఉన్నప్పుడు ఒక్కో చక్రానికి 0.8 సెకన్లు, అందులో ముడుచుకోవడానికి 0.3, నిండటానికి 0.5. వేగం పెరిగేకొద్దీ కోత పడేది ప్రధానంగా ఆ నిండే సమయానికే. ఇరుకు కవాటం గుండా రక్తం దిగడానికి మామూలుకంటే ఎక్కువ సమయం కావాల్సిన పిల్లకు, ఉన్న సమయమూ తగ్గిపోతుంది. రక్తం ఎడమ కర్ణికలో నిలిచి, వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆయాసం. ఇంట్లోవాళ్లు నెలలు నిండుతున్నాయి కదా అంటారు. ఆసుపత్రిలోనూ అదే మాట అంటే ఆ పిల్లకు ఇంక దిక్కెవరు?

యాంటీనేటల్ క్లినిక్‌లో సిస్టరు అడగాల్సింది నాలుగు ముక్కలే. అమ్మా, రాత్రి పడుకుంటే ఊపిరి ఆడుతుందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు? నిద్రలో ఎగశ్వాస వచ్చి లేచి కూర్చుంటున్నావా? దగ్గులో నెత్తుటి జీర పడుతోందా? చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా? తర్వాత నాడి. తర్వాత ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, స్టెతస్కోపు బెల్ వైపు గుండె కొన మీద తేలిగ్గా ఆనించి వినడం. ఆ జబ్బులో మొదటి చప్పుడు గట్టిగా ఉంటుంది, రెండో చప్పుడు తర్వాత లోతుగా ఒక గొణుగుడు వినిపిస్తుంది. దానికి పేరు పెట్టడం, తీవ్రత తేల్చడం కార్డియాలజిస్టు పని. ‘చప్పుడు తేడాగా ఉంది, ఆయాసం ఉంది, నాడి 112, ఎకో తీయించండి’ అని రాయడం నర్సు పని. ఐదో నెలలో ఆ మాట రాస్తే మందులకు, అవసరమైతే బెలూనుతో కవాటం తెరవడానికి వ్యవధి ఉంటుంది. కాన్పు గదిలో తెలిస్తే ఉండదు. బిడ్డ పుట్టిన వెంటనే గర్భాశయం ముడుచుకుని అందులోని రక్తమంతా ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా ఆ గంటల్లోనే.

గుండె నీరసించిన రోగుల విషయంలో మన వార్డులు చేస్తున్న నష్టం మరీ బాధిస్తుంది, ఎందుకంటే అక్కడ కావాల్సినవి అతి చవకైనవి. మెడలో కుడివైపు లోతుగా ఉండే జుగులర్ సిర తిన్నగా కుడి కర్ణికలోకి దిగుతుంది. తాపీమేస్త్రి గొట్టంలో నీళ్లు పోసి గోడ మట్టం చూసినట్టు, ఆ సిరలో రక్తం ఎంత ఎత్తున నిలిచిందో చూసి కుడి కర్ణికలో ఒత్తిడి ఎంతో చెప్పవచ్చు. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, తల కాస్త ఎడమకు తిప్పి, పక్క నుంచి వెలుగు పడేలా చూసి, రొమ్ము ఎముక మీది గట్టు నుంచి నిలువుగా కొలవాలి. మూడు నాలుగు సెంటీమీటర్లు దాటితే ఎక్కువే. ఇందుకు కావాల్సింది ఒక స్కేలు, తలవైపు పైకి లేచే మంచం. హ్యాండిల్ విరిగి ఏళ్ల తరబడి మూలనపడ్డ మంచాల జాబితా ఒకటి తెప్పించుకోండి. రోగి వెనక స్టూలో, చుట్టిన దుప్పట్లో పెట్టి కూర్చోబెడుతున్న వార్డుల్లో ఆ 45 డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇక బరువు. ఒంట్లో ఒక లీటరు నీరు చేరితే ఒక కిలో పెరుగుతుంది. పాదాలు వాచి నొక్కితే గుంట పడేసరికి అప్పటికే కొన్ని లీటర్లు చేరి ఉంటాయి. అందుకే గుండె నీరసించిన రోగిని రోజూ ఒకే వేళ, పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, ఒకే మిషన్ మీద తూచాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే చెప్పాలి. ఇంటికి పంపేటప్పుడు ఈ మాట రోగికీ, ఇంటివాళ్లకూ నేర్పి పంపాలి. ఆ తూకం మిషన్ చాలా వార్డుల్లో ఉండదు, ఉన్నా ముల్లు సున్నా దగ్గర నిలవదు. మంచం దిగలేని రోగికి నీరు కాళ్లలో కంటే నడుము కింద త్రికాస్థి దగ్గర ఎక్కువగా చేరుతుంది. పక్కకు తిప్పి నొక్కి చూస్తేనే తెలుస్తుంది. పక్కకు తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. మళ్లీ అక్కడికే వస్తున్నాను, మనుషులు కావాలి.

బీపీ సంగతి మీరు ప్రత్యేకంగా వినాలి. 2017లో దేశంలో అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఆంధ్రలోనూ ఊరూరా బీపీ చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. ఆ మాత్ర వేయాలా వద్దా అన్నది బీపీ పట్టీ తేలుస్తుంది. పట్టీలోని గాలి సంచి వెడల్పు చేయి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. మామూలు పెద్దల పట్టీ సుమారు 27 నుంచి 34 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. అంతకంటే లావు చేతికి అదే బిగిస్తే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. సన్నటి ముసలమ్మ చేతికి అదే చుడితే తక్కువ చూపిస్తుంది. మన దగ్గర పట్టీ ఒక్కటే సైజు. ఆ పైన జాకెట్టు చేయిని బిగుతుగా పైకి మడిచి, దాని కింద పట్టీ చుట్టడం మామూలైపోయింది. మడత చేతిని నొక్కేస్తుంది. రోగి బస్సు దిగి, క్యూలో నిలబడి, రాగానే చేయి చాపితే చూసేస్తారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వెన్నుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, మాట్లాడించకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు రెండు చేతులకూ చూడాలి. 1905లో రష్యన్ వైద్యుడు కొరొట్కోవ్ పట్టీ కింద ధమని మీద స్టెతస్కోపు పెట్టి వినవచ్చని చెప్పినప్పటి నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు. ముందు మణికట్టు నాడి మాయమయ్యేదాకా గాలి నింపి, దానికి ఇంకో 20 లేదా 30 కలిపి, తర్వాత సెకనుకు 2 లేదా 3 మిల్లీమీటర్ల చొప్పున వదలాలి. భర్రున వదిలితే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా తేలుతుంది. లయ తప్పిన నాడి ఉన్నవాళ్లకు ఎలక్ట్రానిక్ మిషన్‌ను పూర్తిగా నమ్మడానికీ లేదు. తప్పుగా కొలిచిన ఒక్క బీపీ ఒక మనిషిని జీవితాంతం అక్కర్లేని మాత్రలకు కట్టేయగలదు, కావాల్సిన మాత్రలకు దూరమూ చేయగలదు.

ఛాతీ నొప్పి గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. మన జనం గుండె నొప్పిని గ్యాస్ అనుకుంటారని డాక్టర్లు తరచూ విసుక్కుంటారు. అలా అనుకోవడానికి శరీరంలోనే కారణం ఉంది. గుండె అడుగు గోడ డయాఫ్రం మీద ఆని ఉంటుంది, కింద కడుపు. ఆ గోడకు దెబ్బ తగిలితే నొప్పి కడుపు పైభాగంలో తెలుస్తుంది, వికారం, వాంతి, చెమటలు వస్తాయి. ఆ గోడకు ఎక్కువమందిలో రక్తం ఇచ్చేది కుడి కరోనరీ ధమని. ఏవీ నోడ్‌కూ ఎక్కువమందిలో అదే ఇస్తుంది. అందుకే ఆ రోగికి నాడి నెమ్మదించవచ్చు. అప్పుడప్పుడు కుడి జఠరిక కూడా దెబ్బతింటుంది. అలాంటివాళ్లకు బీపీ చూడకుండా నాలుక కింద సార్బిట్రేట్ పెడితే, గుండెకు తిరిగివచ్చే రక్తం ఇంకా తగ్గి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. పై బీపీ 90 కంటే తక్కువ ఉంటే ఆ మాత్ర పెట్టకూడదు. ముందు నాడి, బీపీ, తర్వాతే మాత్ర. ‘గ్యాస్ అండి’ అంటూ చెమటలు కక్కుతూ వచ్చిన మనిషిని చూసి ఇవన్నీ గుర్తు తెచ్చుకోవాల్సిన మొదటి మనిషి క్యాజువాలిటీ సిస్టరే. ఆడవాళ్లకు, షుగరున్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఛాతీ నొప్పే రాకపోవచ్చు. దవడ గుంజడం, వీపు పట్టేయడం, అకారణంగా నీరసం, ఆయాసం, అంతే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుండగా, ఎటు పాకింది, ఏం చేస్తే తగ్గింది అని అడిగి, రోగి చెప్పిన మాటలనే తెలుగులో రాయనివ్వండి. ‘గుండెల మీద రోలు పెట్టినట్టుంది’ అని ఆమె అంటే కేస్ షీట్లో అదే ఉండాలి.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. మన దగ్గర డాక్టరు చూసి రాసిచ్చేదాకా సిస్టరు ఈసీజీ తీయడానికి జంకుతుంది, ఎందుకంటే తీయమని ఆమెకు రాతపూర్వకంగా ఎవరూ చెప్పలేదు. గుండె నర్సింగ్ చరిత్రలో ఈ జంకు ఎలా పోయిందో మీరు తెలుసుకోవాలి. 1961లో డెస్మండ్ జూలియన్ అనే బ్రిటిష్ యువ వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. గుండెపోటు వచ్చినవాళ్లందరినీ ఒకే చోట ఉంచి, ఈసీజీని ఎడతెగకుండా గమనిస్తూ, గుండె ఆగితే డాక్టరు వచ్చేదాకా ఆగకుండా శిక్షణ పొందిన సిబ్బందే బతికించే ప్రయత్నం మొదలుపెట్టాలని దాని సారం. ఆ దశకంలోనే ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో లారెన్స్ మెల్ట్‌జర్ అనే డాక్టరు, రోజ్ పినియో అనే నర్సు కలిసి కరోనరీ కేర్ యూనిట్ నడిపారు. ఈసీజీ చదవడం, ప్రమాదకరమైన లయను గుర్తించడం, షాక్ ఇవ్వడం నర్సులకు నేర్పారు. 1965లో వాళ్లు రాసిన మాన్యువల్ నర్సుల కోసం రాసిందే. మానిటర్లు కొన్నందువల్ల మాత్రమే అక్కడ ప్రాణాలు నిలవలేదు. మానిటర్ చూస్తున్న మనిషికి చేయి కదిపే అధికారం ఇచ్చినందువల్ల నిలిచాయి. జఠరికలు వణకడం మొదలయ్యాక షాక్ ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. డ్యూటీ డాక్టరు ఇంకో బ్లాకు నుంచి మెట్లెక్కి వచ్చేలోపు ఎన్ని నిమిషాలవుతాయో మీ అధికారులను అడగండి.

మా పాఠ్యపుస్తకాల గురించి ఒక్క మాట. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పెదవులు నీలి రంగుకు తిరుగుతాయని తెల్లటి చర్మపు ఫొటోలతో చూపిస్తారు. మన చామనచాయ పెదవి మీద అది అంత తేలిగ్గా కనపడదు. నాలుక చూడాలి, కింది పెదవి లోపలి పొర చూడాలి. పాలిపోవడం కనురెప్ప లోపల, అరచేతుల గీతల్లో చూడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గది బాగా చల్లగా ఉంటే ఆలస్యం కావచ్చు, అది దృష్టిలో పెట్టుకోవాలి. మన పిల్లల పుస్తకాల్లో మన మనుషుల బొమ్మలు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు నేను కోరేవి. ఖాళీ నర్సింగ్ పోస్టులను నింపి, మండలి చెప్పిన నిష్పత్తిని కనీసం గుండె జబ్బుల వార్డుల్లోనూ, హెచ్‌డీయూల్లోనూ (హై డిపెండెన్సీ యూనిట్లలోనూ) ముందు అమలు చేయండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. ప్రతి మెడికల్ వార్డుకూ మూడు సైజుల బీపీ పట్టీలు, ఏడాదికోసారి సరిచూసే తూకం మిషన్, తలవైపు లేచే మంచాలు, తెరలు ఇప్పించండి. ఛాతీ నొప్పితో వచ్చినవారికి డాక్టరు ఆర్డరు కోసం చూడకుండా నర్సే ఈసీజీ తీయవచ్చని, శిక్షణ పొందిన నర్సు షాక్ ఇవ్వవచ్చని ఉత్తర్వు ఇవ్వండి. నాడి 40 కంటే తక్కువో, పై బీపీ 90 కంటే తక్కువో, ఊపిరి 30 కంటే ఎక్కువో ఉందని నర్సు పిలిస్తే ఎంతసేపట్లో ఎవరు రావాలో అదే ఉత్తర్వులో ఉండాలి. పిలిచినందుకు ఆమె తిట్లు తినకూడదు. కేస్ షీట్లో నర్సు పరిశీలనలకు ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టించి, రౌండ్స్‌లో ప్రొఫెసర్లు దాన్ని చదవాలని చెప్పించండి. రాసింది ఎవరూ చదవరని తెలిస్తే నిజం రాయాలన్న ఆసక్తి ఎవరికైనా పోతుంది. విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు నర్సింగ్ పరీక్షల్లో బొమ్మకిచ్చే మార్కులు తగ్గించి, నిజమైన రోగి నాడి, బీపీ, మెడ సిర, గుండె చప్పుళ్లు చూసి చెప్పడానికి ఎక్కువ మార్కులు పెట్టేలా మాట్లాడండి.

అన్ని జిల్లాల్లో ఒకేసారి సాధ్యం కాదంటే రాష్ట్రానికి ఒక్క ఆసుపత్రిలో, ఒక్క మెడికల్ వార్డులో ఆరు నెలలు చేసి చూడండి. ఆ వార్డులో నిష్పత్తి ప్రకారం నర్సులను వేయండి, పైన చెప్పిన సామాను ఇవ్వండి. ముందు ఆరు నెలల్లో ఎంతమంది రోగుల పరిస్థితి విషమించాక ఐసీయూకు మార్చారో, తర్వాత ఆరు నెలల్లో ఎంతమందిని ముందే గుర్తించారో మీ అధికారులతోనే లెక్క తీయించండి. ఆ అమ్మాయిలకు మంచం దగ్గర నేర్పడానికి నేను వస్తాను, నాలాంటి రిటైరైన ట్యూటర్లు ఇంకా ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను. మాకు జీతం అక్కర్లేదు. ఏ ఆసుపత్రో, ఏ వార్డో నిర్ణయించి కబురు చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్